పిక్కలు సన్నబడి, చెప్పులు జారిపోతుంటే: సీఎంటీ ఉన్న ఇంటివాళ్లు చేయాల్సిన పనులు

మన నల్లగొండ దిక్కు ఎవరి కాలు వంకరపోయినా, ఎవరి నడక తేడాగా ఉన్నా ముందు నీళ్ల మీదే అనుమానం. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి ఊళ్లలో ఫ్లోరైడ్ చేసిన నష్టం చూసినవాళ్లకు అలా అనిపించడంలో వింతేమీ లేదు. కాకపోతే ఆ అనుమానం దగ్గరే ఆగిపోవడం వల్ల ఇంకో జబ్బు కొన్ని ఇండ్లలో తాత నుంచి మనవడి దాకా పేరు లేకుండానే నడిచొస్తోంది. అది వంశంలో వచ్చే నరాల జబ్బు, దాని పేరు షార్కో మేరీ టూత్, అందరూ సీఎంటీ అంటారు. 1886లో పారిస్‌లో షార్కో, పియర్ మేరీ, ఇంగ్లండ్‌లో హోవార్డ్ టూత్ దీని గురించి రాశారు, ఆ ముగ్గురి పేర్లే దీనికి పెట్టారు. దాదాపు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా, అంటే మీ మండలంలోనే కొందరు ఉండొచ్చు.

మా నాయినకు ఉంది, నాకు ఉంది, అక్కకు కొంచెం ఉంది. నేను డాక్టర్ను కాదు. ఈ జబ్బును ఆపే మందు ఇప్పటికి లేదు, ఆ మాట ముందే చెప్తున్నా. కానీ మందు లేదన్నారు కదా అని చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లే ఎక్కువ దెబ్బతినడం చూశాను. మనిషిని మంచాన పడేసేది చాలాసార్లు జబ్బు కాదు, చీలమండ విరగడం, అరికాలి పుండు ముదరడం, పనికిరాని వైద్యానికి అప్పులు చేయడం. ఈ మూడూ చాలావరకు మన చేతిలో ఉన్నవే.

ముందు ఇంట్లోనే చూసుకోండి

నరం అంటే కరెంటు వైరు లాంటిది, లోపల తీగ, పైన పూత. సీఎంటీలో కొందరికి పూత పాడవుతుంది, కొందరికి తీగే పాడవుతుంది. ఎంత పొడుగు నరమైతే అంత ముందు దెబ్బతింటుంది కాబట్టి మొదట పాదాలు, తర్వాత పిక్కలు, కొన్నేండ్లకు చేతులు. తొడలు, భుజాలు మామూలుగా గట్టిగానే ఉంటాయి, అందుకే నిక్కరు వేసుకున్నప్పుడు మోకాలి కింద కాళ్లు కొంగ కాళ్ల లాగా కనిపిస్తాయి. కండ కరిగిపోతున్నా అసలు లోపం కండలో లేదు, నరంలో ఉంది.

అరికాలు బాగా ఎత్తుగా వంపు తిరిగి ఉందా, వేళ్లు గోళ్లు గీరుతున్నట్టు వంగి ఉన్నాయా చూడండి. మడమల మీద నిలబడి పది అడుగులు వేయమనండి, సీఎంటీ ఉన్నవాళ్లకు పాదం ముందు భాగం పైకి లేవదు. నడిచేటప్పుడు పాదం కిందికి వేలాడుతుంది కాబట్టి మోకాలు ఎత్తి ఎత్తి వేస్తారు, పాదం నేలకు టప్పున కొడుతుంది. వాడిన చెప్పులు తిరగేసి చూస్తే చాలామందికి బయటి అంచు ఒక్కటే అరిగి ఉంటుంది. హవాయి చెప్పు కాలి నుంచి జారిపోయినా కాసేపటి దాకా తెలియదు, వెనక నుంచి వచ్చేవాళ్లు పిలిచి చెప్పాలి. ఊళ్లో దీనికి పెట్టే పేరు ఒక్కటే, పొద్దున్నే కల్లు తాగిండని. మా నాయిన చుక్క ముట్టడు, ఆ మాట మాత్రం ఏండ్ల తరబడి పడ్డాడు.

ఫ్లోరైడ్ జబ్బు అలా మొదలవదు. అందులో పళ్ల మీద గోధుమ రంగు చారలు, గుంతలు కనిపిస్తాయి, కీళ్లు నడుము బిగుసుకుపోతాయి, మెడ తిరగదు, నొప్పి ఎక్కువ, ఎముక వంగుతుంది. సీఎంటీలో మొదట్లో పెద్దగా నొప్పి ఉండదు, పాదం మాట వినదు అంతే. మన నీళ్లు తాగిన మనిషికి రెండూ ఉండొచ్చు, పళ్లు చూసి సంగతి తేలిపోయిందనుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి కుష్టు. కుష్టులోనూ పాదం వేలాడుతుంది, వేళ్లు వంకర పోతాయి, నరాలు ఉబ్బుతాయి. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ ఎక్కడైనా ఉంటే సిగ్గుపడకుండా ముందు పీహెచ్‌సీలో చూపించండి, దానికి పూర్తిగా తగ్గే మందు ఉంది, సర్కారు దవాఖానాలో ఉచితంగా ఇస్తారు. షుగర్, బీ12 లోపం కూడా పాదాలను ఇలాగే ఇబ్బంది పెడతాయి, రక్తపరీక్షతో తేలిపోతాయి. నెలల్లోనే గబగబా బలహీనత పెరిగితే అది సీఎంటీ లక్షణం కాదు, మందుకు లొంగే సీఐడీపీ లాంటి వేరే నరాల జబ్బు కావచ్చు. అలాంటప్పుడు ఆలస్యం చేయొద్దు.

డాక్టర్ దగ్గర ఏం అడగాలి

ఎముకల డాక్టర్ దగ్గర మొదలుపెట్టి ఎక్స్‌రేలతో సంచి నింపుకోకండి. నేరుగా న్యూరాలజిస్ట్. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి మొదటి చూపుకు, రక్తపరీక్షలకు ప్రతిసారీ హైదరాబాద్ పోనక్కర్లేదు. అసలు పరీక్షకు మాత్రం పెద్ద కేంద్రం కావాలి. హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజీతో పాటు మెడికల్ జెనెటిక్స్ విభాగం కూడా ఉంది, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీలో జన్యు పరీక్షలు చేస్తారు.

మొదట చేసేది నర్వ్ కండక్షన్ పరీక్ష. చిన్న చిన్న షాకులు ఇచ్చి నరంలో సిగ్నల్ ఎంత వేగంగా పోతుందో కొలుస్తారు, చురుక్కుమంటుంది గానీ భయపడేదేమీ కాదు. చేతి నరంలో మామూలుగా సెకనుకు 50 మీటర్ల పైన ఉండే వేగం 38 కంటే తగ్గితే నరం పూత పాడైన రకం అంటారు. అన్నిటికంటే ఎక్కువమందిలో కనిపించే 1ఏ రకంలో అది 20 దగ్గర ఉండటం మామూలు. వేగం బాగానే ఉండి సిగ్నల్ బలం తగ్గితే తీగ పాడైన రకం. నరాలన్నీ బాగుండి, స్పర్శ చెక్కుచెదరకుండా, కండ మాత్రమే కరుగుతుంటే అది వేరే కథ, కండరాల జబ్బుల్లో కూడా చేతివేళ్లు, పిక్కల నుంచి మొదలయ్యేవి ఉన్నాయి. అందుకే కండ పాడవుతోందా అని చూసే సీపీకే అనే రక్తపరీక్ష, కండలోకి సన్నటి సూది పెట్టి చూసే ఈఎంజీ కూడా రాస్తారు.

జన్యు పరీక్షకు డబ్బు ఎక్కువే అవుతుంది కాబట్టి వరస తెలుసుకుని చేయించుకోండి. పూత పాడైన రకమని తేలితే ముందు 17వ క్రోమోజోమ్ మీద పీఎంపీ22 అనే జన్యువు ఒక కాపీ ఎక్కువ ఉందా అని చూసే ఎంఎల్‌పీఏ పరీక్ష అడగండి. 1ఏ రకానికి కారణం అదే. వందల జన్యువులను ఒకేసారి చదివే ఖరీదైన పరీక్ష ముందే చేయిస్తే ఈ అదనపు కాపీ అందులో తప్పిపోయే అవకాశం ఉంది, డబ్బూ పోయి జవాబూ రాకుండా పోతుంది.

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఒక తెల్ల కాగితం మీద ఇంటి వంశం గీసుకుని పోండి. తాత, నాయనమ్మ, మేనత్తలు, వాళ్ల పిల్లలు, ఎవరి నడక ఎట్లుండేది, ఎవరు ఏ వయసులో కర్ర పట్టారు. వీలైతే అమ్మానాన్నలను కూడా వెంట తీసుకుపోయి వాళ్ల పాదాలు చూపించండి. నాకేం లేదు బిడ్డా అనే పెద్దమనిషి చెప్పు విప్పితే అరికాలి వంపు బయటపడుతుంది. డాక్టర్‌కు మన ఫైలు మొత్తం కంటే ఆ పాదమే ఎక్కువ చెప్తుంది.

ఎవరి వైపు నుంచి వచ్చిందనే పంచాయితీ

ఇది ప్రతి ఇంట్లో వస్తుంది, మా ఇంట్లోనూ వచ్చింది, ఎక్కువగా కోడలి మీదికే పోతుంది. సంగతి ఇది. 1ఏ లాంటి రకాల్లో తల్లికో తండ్రికో ఒకరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ సగం సగం అవకాశం, ఆడ మగ తేడా లేదు. ఎక్స్ క్రోమోజోమ్ రకంలో తండ్రి నుంచి కొడుక్కు రాదు, కూతుళ్లందరికీ ఆ జన్యువు పోతుంది, వాళ్లలో లక్షణాలు తక్కువగా ఉండొచ్చు. ఇంకో రకంలో తల్లిదండ్రులిద్దరూ బాగానే ఉంటారు గానీ ఇద్దరిలోనూ దాగిన జన్యువు ఉంటుంది, అప్పుడు ప్రతి కాన్పులో నాలుగో వంతు ప్రమాదం. మేనరికాలు చేసుకునే ఇండ్లలో ఈ చివరి రకం ఎక్కువగా బయటపడుతుంది. ఇవేవీ కాకుండా ఎవరికీ లేని జబ్బు ఒక బిడ్డలో కొత్తగా మొదలవడం కూడా ఉంది. కాబట్టి పరీక్ష రాకముందే తప్పు ఎవరి మీదా వేయకండి, వచ్చాక వేసినా ఒరిగేదేమీ లేదు.

పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడు దాచాలని పెద్దలు అంటారు. దాచొద్దు అనేది నా మాట. దాచిన నడక పెండ్లిలో ఏడడుగులు నడిచేటప్పుడే కనిపిస్తుంది. రకం తెలిస్తే జెనెటిక్ కౌన్సెలింగ్‌లో కూర్చుని పిల్లల విషయంలో ఏ దారులున్నాయో ఇద్దరూ కలిసి వినొచ్చు. అక్క రెండో కాన్పు అప్పుడు కాళ్ల బలహీనత కొంచెం పెరిగింది, కొందరికి గర్భంలో అలా అవుతుందని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు.

పాదాలు: అసలు పని ఇక్కడే

పాదం వేలాడుతుంటే ఏఎఫ్ఓ అనే ప్లాస్టిక్ పట్టీ వాడాలి. పిక్క వెనక నుంచి అరికాలి కింది దాకా ఒకటే ముక్కగా వచ్చి పాదాన్ని లేపి పట్టుకుంటుంది. మందుల షాపులో రెడీమేడ్‌గా దొరికేది అరికాలి వంపు ఎక్కువున్న కాలికి సరిపడదు, పీఓపీ అనే ప్లాస్టర్‌తో కాలి అచ్చు తీసి చేసేది చేయించుకోండి. మొదటి రోజు గంటో రెండు గంటలో, తర్వాత మెల్లగా పెంచాలి. విప్పగానే చర్మం చూడండి, ఎర్రటి ముద్ర ఇరవై నిమిషాల తర్వాత కూడా పోకుంటే అక్కడ ఒత్తుతోందన్నట్టు, వెంటనే చేసినవాళ్ల దగ్గరికి పోయి సరిచేయించండి. స్పర్శ తక్కువ ఉన్న కాలికి నొప్పి తెలియదు కాబట్టి కంటితోనే కాపలా. లోపల పొడవాటి కాటన్ సాక్సు తప్పదు, మన ఎండలకు మధ్యాహ్నం ఒకసారి మార్చడం మంచిది. బూటు ఒక సైజు పెద్దది తీసుకుని లోపలి అట్ట తీసేస్తే పట్టీ పడుతుంది.

ఇంట్లోకి చెప్పులు రానివ్వరు కదా, పట్టీ బయట విప్పి లోపల ఉత్త కాళ్లతో తిరుగుతాం, పడేది అక్కడే. నున్నటి టైల్స్ మీద, తడి బాత్రూంలో. ఇంట్లో తిరగడానికి మాత్రమే ఒక జత శుభ్రమైన బూట్లు పెట్టుకోండి, అత్తమ్మ ఒక వారం గొణిగి తర్వాత అలవాటు పడుతుంది. హవాయి చెప్పులు మాత్రం మానేయండి, మడమ వెనక బెల్టు ఉన్నవే వేసుకోవాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ జబ్బులో పాదం ఎక్కడుందో మెదడుకు సరిగా తెలియదు, కాబట్టి మనం కళ్లతో నిలబడతాం. కళ్లు మూస్తే ఊగిపోతాం. తలస్నానం చేస్తూ సబ్బు కండ్లలో పడకుండా కళ్లు మూసుకుని చెంబుతో నీళ్లు పోసుకునే ఆ క్షణంలోనే పడతారు, మా నాయిన మణికట్టు విరిగింది అట్లనే. ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని కూర్చుని చేయండి. రాత్రి మంచం నుంచి బాత్రూం దాకా చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి. బాత్రూంలో గోడకు గట్టి కడ్డీ బిగించండి, కింద కూర్చునే దొడ్డి నుంచి లేవడానికి కూడా అదే ఆధారం.

చేను చెలకల్లో తుమ్మ ముల్లు గుచ్చుకుని లోపలే ఉండిపోతుంది, తెలిసేసరికి చీము పడుతుంది. ఎండాకాలం గుడి బండల మీద బొబ్బలెక్కినా తెలియదు. చెర్వుగట్టు గుట్ట ఎక్కాలనుంటే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, సాక్సులతో, పక్కన మనిషితో. సలేశ్వరం జాతర దారి మాత్రం ఈ కాళ్లకు కాదు, ఆ రాళ్లలో దిగడం బాగున్న కాళ్లకే కష్టం. ప్రతి రాత్రి పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవడం అన్నం తిన్నంత మామూలు కావాలి. వేడినీళ్లు పాదంతో కాదు, మోచేతితో చూసి పోసుకోండి.

వ్యాయామం ఎక్కువైనా, తక్కువైనా నష్టమే. మడమ వెనక స్నాయువు (కండను ఎముకకు కట్టి ఉంచే తాడు) బిగుసుకుపోకుండా కాలు చాపి కూర్చుని, పాదం ముందు భాగానికి తువ్వాల వేసి రెండు చేతులా మీదికి లాగి అరనిమిషం పట్టుకోండి, పొద్దున సాయంత్రం నాలుగైదు సార్లు. సైకిలు తొక్కడం, తెలిసినవాళ్లకు ఈత చాలా మంచివి. మరుసటి రోజుకు కూడా ఒళ్లు తేరుకోలేదంటే మోతాదు ఎక్కువైందని అర్థం. ఒంటి బరువు పెరగనివ్వకండి, సన్నటి పిక్కల మీద ప్రతి కిలో బరువే. పిల్లల్లో పాదం వంకర ఇంకా మెత్తగా చేతితో సరిచేయగలిగినట్టు ఉన్నప్పుడే ఎముకల డాక్టర్‌కు చూపిస్తే స్నాయువు మార్చి కుట్టే ఆపరేషన్‌తో సరిపోవచ్చు, బిగుసుకుపోయాక ఎముక కోయాల్సి వస్తుంది. పిల్లల వెన్ను వంకర, తుంటి కీలు కూడా అప్పుడప్పుడూ చూపించండి.

చేతులు, పని

చేతిలో మొదట కరిగేది బొటనవేలి కింది కండ, బొటనవేలికి చూపుడువేలికి మధ్య కండ. పత్తి ఏరేవాళ్లు దీన్ని అందరికంటే ముందు పసిగడతారు. కాయలోకి వేళ్లు పెట్టి పత్తి మొత్తం ఒకేసారి తీయాలి, బొటనవేలు సహకరించదు కాబట్టి సగం కాయలోనే ఉండిపోతుంది, రెండోసారి మూడోసారి చేయి పెట్టాలి, పొద్దుగూకేసరికి పక్కవాళ్ల సంచి నిండి మన సంచి అరదాకానే ఉంటుంది. కూలి కిలోల లెక్కన ఇస్తారు. మా నాయిన ఏరడం వదిలి కాంటా దగ్గర లెక్కలు రాసే పనికి మారాడు. గట్టుప్పల, పుట్టపాక దిక్కు మగ్గం మీద ఉన్నవాళ్లకు కాలితో తొక్కడం, చేతితో చిటికి కట్టడం (రంగు అంటకుండా నూలుకు ముడులు వేయడం) రెండూ కష్టమే అవుతాయి. బురద మడిలో నాటు వేయడం, గట్టు మీద మూట మోయడం ముందే వదిలేయడం మంచిది. పని మార్చుకోవడానికి పడిపోయేదాకా ఆగక్కర్లేదు.

చిన్న సర్దుబాట్లే చాలా పని చేస్తాయి. చొక్కా గుండీల బదులు లోపల వెల్క్రో కుట్టమని దర్జీకి చెప్తే పైకి గుండీలున్నట్టే కనిపిస్తుంది. తాళంచెవికి లావుపాటి పిడి, పెన్నుకు రబ్బరు తొడుగు. ముద్ద జారుతుంటే లావు పిడి ఉన్న చెంచాతో తినండి, పెండ్లి బంతిలో ఎవరేమనుకుంటారో అని ఆకలితో లేవకండి. చలికాలం పొద్దున వేళ్లు అసలు కదలవు, గ్లౌజులు వేసుకోండి. బైకు బ్రేకు కుడి పాదంతో నొక్కాలి, ఆ పాదం మాట వినదు కాబట్టి గేర్ల బండి వదిలి, చేతితో బ్రేకు గట్టిగా పట్టగలిగితే, వెనక రెండు చక్రాలు బిగించిన స్కూటీకి మారండి, దానికి తగ్గ లైసెన్స్ తీసుకోండి.

మందులు, మోసాలు

ఏ మందు రాయించుకున్నా నాకు సీఎంటీ ఉందని డాక్టర్‌కు ముందే చెప్పండి. క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ సీఎంటీ ఉన్నవాళ్ల నరాలను ఘోరంగా దెబ్బతీస్తుంది, ఇది మరిచిపోకూడని పేరు. మూత్రం ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే నైట్రోఫ్యురాంటాయిన్ విషయంలోనూ జాగ్రత్త. టీబీ మందు ఐసోనియాజిడ్‌కు నరాలను ఇబ్బంది పెట్టే గుణం ఉంది, అందుకే తోడుగా బీ6 ఇస్తారు. టీబీ మందు మాత్రం సొంతంగా మానొద్దు. బలానికి అని బీ6 గోళీలు నెలల తరబడి ఎక్కువ మోతాదులో మింగితే అవే నరాలను పాడుచేస్తాయి. సారా, కల్లు కూడా అంతే. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

విటమిన్ సి తో తగ్గుతుందని ఒకప్పుడు ఆశపడి ఐరోపా, అమెరికాల్లో 1ఏ రకం మీద పరీక్షలు చేశారు, ఉపయోగం కనిపించలేదు. స్టెమ్ సెల్ (మూలకణాల) వైద్యం అని లక్షలు అడిగేవాళ్లకు దండం పెట్టి రండి, దేశ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి జబ్బులకు దాన్ని ట్రయల్‌లో (పరిశోధనలో) తప్ప వైద్యంగా అమ్మకూడదు, ట్రయల్ అయితే డబ్బు తీసుకోరు. ఊళ్లో స్టెరాయిడ్ సూదులు, పక్షవాతం పసర్లు, పేరు తెలియని భస్మాలు ఇస్తారు. భస్మంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఉంటే ఉన్న నరాలూ పోతాయి.

కాగితాలు

వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపులో చూపించి సర్టిఫికెట్, యూడీఐడీ అనే దివ్యాంగుల కార్డు తీసుకోండి. పోయేటప్పుడు న్యూరాలజిస్ట్ రాసిన చీటీ, నర్వ్ కండక్షన్ రిపోర్టు, జన్యు పరీక్ష ఉంటే అది, జిరాక్సులతో సహా పట్టుకుపోండి. పేరు వినని జబ్బు కాబట్టి పైపైన చూసి తక్కువ శాతం వేసే ప్రమాదం ఉంది. మడమల మీద నడవలేకపోవడం, గుండీ పెట్టుకోలేకపోవడం వాళ్ల ముందే చేసి చూపించండి. పట్టీ విప్పి నడవండి. చాలా ప్రయోజనాలకు 40 శాతం గీత ముఖ్యం. అది దాటితే సర్కారు ఇచ్చే దివ్యాంగుల పింఛన్‌కు దరఖాస్తు చేయొచ్చు, 2023 జులై నుంచి దాన్ని 4,016 రూపాయలు చేశారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్య సీట్లలో 5 శాతం తగ్గకుండా రిజర్వేషన్ ఉంది.

పిల్లలు పదో తరగతి, ఇంటర్‌కు వచ్చేసరికి రాత నెమ్మదించి చేయి నొప్పి పెడుతుంటే, పరీక్షలో రాసిపెట్టే మనిషిని, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్ని అడగొచ్చు, కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది ఉంది. హాల్ టికెట్ వచ్చాక కాదు, ఫీజు కట్టేటప్పుడే హెడ్‌మాస్టర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, ఒక కాపీ మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి.